సంస్థల కంప్యూటర్ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు: మౌనాన్ని గ్రహించే తీరు - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

సంస్థలు తమ సర్వర్లు, నెట్‌వర్కు పరికరాలు, డిస్కులు, బ్యాకప్ పనుల స్థితిని గమనించడానికి వాడే సాఫ్ట్‌వేర్లలో నాగియోస్, జాబిక్స్, ప్రొమీథియస్, పి.ఆర్.టి.జి., డేటాడాగ్ అనే ఐదింటిని ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. ఇటువంటి పోలికలు సాధారణంగా సౌకర్యాల జాబితాగానో ధరల పట్టికగానో ఉంటాయి. ఇక్కడ తీసుకున్న ప్రమాణం వేరు. ఒక యంత్రం నుంచి, లేదా ఒక పని నుంచి ఏ సమాచారమూ రానప్పుడు ఆ మౌనాన్ని ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఏమని అర్థం చేసుకుంటుంది అన్నదే ఇందులోని ప్రధానమైన ప్రశ్న. సాంకేతిక నేపథ్యం లేని పాఠకులను కూడా దృష్టిలో పెట్టుకొని రాసిన వివరణాత్మక వ్యాసమిది.

కీలకపదాలు: పర్యవేక్షణ, నిఘా, సర్వర్, బ్యాకప్, హెచ్చరిక, నాగియోస్, జాబిక్స్, ప్రొమీథియస్, పి.ఆర్.టి.జి., డేటాడాగ్.

1. ప్రవేశిక:

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే పని చేశాను. అక్కడ పుస్తకాల ఫైళ్లన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. రోజూ రాత్రి వాటి నకలు మరో చోటికి చేరే ఏర్పాటు ఉండేది. ఆ పని విఫలమైతే నిర్వాహకుడికి ఈమెయిల్ రావాలి. ఎన్నడూ రాలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని అందరూ నమ్మారు. ఒకనాడు పుస్తకాలున్న డిస్కు పాడైంది. నకలు తెరిచి చూస్తే అది రెండు నెలల నాటిది.

కారణం తరవాత తెలిసింది. నకలు పంపే ముందు ఫైళ్లన్నిటినీ ఒక మూటగా కట్టి తాత్కాలికంగా ఉంచే చోటు నిండిపోయింది. ఈమెయిల్ కూడా బయటికి వెళ్లే ముందు అదే చోట వరుసలో నిలబడాలి. చోటు లేనందువల్ల మూటా కట్టలేదు, ఆ సంగతి చెప్పే ఉత్తరమూ బయలుదేరలేదు. పుస్తకాల ఫైళ్లు వేరే డిస్కులో ఉన్నందున పగటి పనికి ఏ ఆటంకమూ కలగలేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక మాండలిక పదకోశం. కాగితం మీద దిద్దినవాటిని మళ్లీ ఎక్కించగలిగాం. సంపాదకులు నేరుగా తెర మీద చేర్చిన ఆరోపాలు మాత్రం పోయాయి. వాటిలో కొన్నింటికి ఆధారమైన ఆవేదకుడు అప్పటికే కాలం చేశారు.

‘మౌనం అర్ధాంగీకారం’ అని మనకు ఒక మాట ఉంది. ఆ సంస్థలో అందరూ యంత్రం మౌనాన్ని అలాగే తీసుకున్నారు. కంప్యూటర్ల పర్యవేక్షణ గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తరవాతే. చదివిన కొద్దీ అర్థమైనదేమిటంటే, ఈ సాఫ్ట్‌వేర్ల మధ్య అసలైన తేడా అవి గీసే రేఖాచిత్రాల్లో లేదు. వినిపించని దానిని అవి ఎలా లెక్కిస్తాయన్న దానిలో ఉంది.

2. పర్యవేక్షణ - పదం, ప్రక్రియ:

వృత్తిలో ఉన్నవారు దీనిని ‘మానిటరింగ్’ అనే అంటారు. రాతలో ‘పర్యవేక్షణ’ వాడుతున్నాం. ఈ పదంలో పైనుండి చూసే అధికారి ఛాయ ఉంది. పారసీకంలో చూపు అనే అర్థమున్న పదం నుంచి మనకు చేరిన ‘నిఘా’ ఈ పనికి మరింత దగ్గరిది. కాని అది ఇవాళ పోలీసు పరిభాషలో స్థిరపడింది. అందువల్ల ఈ వ్యాసంలో ‘పర్యవేక్షణ’నే వాడుతున్నాను.

ప్రక్రియ సరళమైనదే. ఒక కేంద్ర సర్వర్ నిర్ణీత వ్యవధిలో మిగతా యంత్రాల స్థితిని సేకరిస్తుంది. డిస్కులో ఎంత చోటు మిగిలింది, ప్రాసెసర్ మీద ఎంత భారం ఉంది, వెబ్‌సైటు ఎంతసేపటికి తెరుచుకుంటోంది వంటివన్నీ అంకెలుగా మారతాయి. అంకె ముందుగా నిర్ణయించిన హద్దు దాటితే బాధ్యుడికి హెచ్చరిక వెళుతుంది. రౌటర్లు, స్విచ్‌ల వంటి నెట్‌వర్కు పరికరాలు ఇలా తమ స్థితిని చెప్పడానికి 1988లో రూపొందిన ఎస్.ఎన్.ఎమ్.పి. అనే సంభాషణ నియమావళి ఈనాటికీ వాడుకలో ఉంది.

ఏమి కొలవాలి అన్నదానికి గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన గ్రంథంలోని నాలుగు కొలతలను తరచుగా ఉదహరిస్తారు: జవాబుకు పట్టే కాలం, వచ్చే అభ్యర్థనల రద్దీ, తప్పుల సంఖ్య, వనరులు నిండిన స్థాయి. అయితే ఆ గ్రంథమే చెప్పినట్లు ఇవి వాడుకరి ఎదుట నిలిచే సేవలకు ఉద్దేశించినవి. అర్ధరాత్రి జరిగే బ్యాకప్‌కు వాడుకరి లేడు. అది ఆగిపోతే ఫిర్యాదు చేసే మనిషి ఉండడు. ప్రసిద్ధమైన కొలతలను మాత్రమే నమ్ముకున్న సంస్థలో మొదట కనుమరుగయ్యేది ఇలాంటి పనే.

3. అడిగి తెలుసుకోవడం, చెబితే వినడం:

పూర్వం రాత్రివేళ గస్తీ తిరిగేవారు ‘పారా హుషార్’ అని కేక వేస్తూ వీధులు తిరిగేవారు. ఆ కేక దొంగలను బెదిరించడానికి మాత్రమే కాదు. పారావాడు మేలుకొని ఉన్నాడనడానికి అదే రుజువు. కేక వినపడవలసిన వేళకు వినపడకపోతే ఇంట్లో పెద్దవాళ్లు లేచి కూర్చునేవారు. పైన చెప్పిన ప్రచురణ సంస్థ చేసిన ఏర్పాటు దీనికి సరిగ్గా తలకిందులైనది. దొంగ పడినప్పుడు మాత్రమే కేక వేయమని వారు పారావాడికి చెప్పారు. పారావాడికే ఏమైనా అయితే ఎవరు కేక వేయాలి?

పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు సమాచారాన్ని రెండు విధాలుగా సేకరిస్తాయి. మొదటిది, కేంద్ర సర్వర్ తానే వెళ్లి అడగడం. జవాబు రాకపోవడం కూడా ఇక్కడ ఒక జవాబే. అడిగినవాడికి తాను అడిగానని తెలుసు కదా. రెండవది, యంత్రాలు తమంతట తాము సమాచారం పంపడం. బయటివారు లోపలికి రాకుండా కట్టడి ఉన్న శాఖా కార్యాలయాలకు, కొద్ది నిమిషాలు మాత్రమే నడిచి ముగిసే పనులకు ఇదే అనువైనది. అయితే ఇక్కడ మౌనానికి అర్థాలు అనేకం. యంత్రం ఆగిపోయి ఉండవచ్చు, దారి తెగి ఉండవచ్చు, చెప్పవలసినది ఏమీ లేకపోవచ్చు.

ఇక్కడ మరొక వివేచన అవసరం. యంత్రం బతికి ఉండటం వేరు, దానికి అప్పగించిన పని జరగడం వేరు. ఆ ప్రచురణ సంస్థ సర్వర్‌ను ‘బాగున్నావా’ అని నిమిషానికోసారి అడిగినా ‘బాగున్నాను’ అనే చెప్పి ఉండేది. అడగవలసిన ప్రశ్న ‘చివరిసారి బ్యాకప్ ఎప్పుడు పూర్తయింది’ అన్నది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ప్రశ్నను మన తరఫున తనంతట తాను ఊహించదు.

4. ఐదు సాఫ్ట్‌వేర్లు:

4.1 నాగియోస్: ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో ‘నెట్‌సెయింట్’ పేరుతో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. పేరు విషయంలో వచ్చిన చిక్కు వల్ల 2002 నాటికి నాగియోస్ అయింది. పరీక్షలు చేసే చిన్న ప్రోగ్రాములను ఇందులో ప్లగిన్లు అంటారు. ప్రతి ప్లగిన్ పని ముగించి ఒక అంకెను తిరిగి ఇస్తుంది. 0 అంటే క్షేమం, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 ‘తెలియదు’. పాతికేళ్ల నాటి ఈ నియమంలోని గొప్పతనం నాలుగో అంకెలో ఉందని నా అభిప్రాయం. తెలియకపోవడాన్ని క్షేమంలోనూ ప్రమాదంలోనూ కలపకుండా దానికొక స్థానం ఇచ్చారు. పరిశోధనలో ‘ఆధారం లభ్యం కాలేదు’ అనడానికీ ‘లేదు’ అనడానికీ మనం పాటించే తేడాయే ఇది.

నాగియోస్ ప్రధానంగా తానే అడుగుతుంది. బయటి నుంచి వచ్చే ఫలితాలనూ స్వీకరిస్తుంది. అలా వచ్చే ఫలితానికి ‘తాజాదనపు గడువు’ పెట్టుకోవచ్చు. గడువులోగా ఫలితం రాకపోతే నాగియోస్ తానే ఒక పరీక్షను నడుపుతుంది. ఆ పరీక్ష ‘బ్యాకప్ వార్త అందలేదు’ అని ప్రమాద స్థితిని ప్రకటించేలా రాసుకుంటే మౌనమే హెచ్చరికగా మారుతుంది. ఇదంతా మనం అమర్చుకుంటేనే జరుగుతుంది. అమరికలన్నీ టెక్స్ట్ ఫైళ్లలో రాయాలి. ఒక కుండలీకరణం మరిచిపోతే ముందుకు కదలదు. ప్రాథమిక రూపం ఉచితం, నాగియోస్ ఎక్స్.ఐ. అనే వాణిజ్యరూపం వేరుగా ఉంది. 2009లో దీని నుంచి చీలి ఐసింగా అనే మరో సాఫ్ట్‌వేర్ పుట్టింది.

4.2 జాబిక్స్: లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టినది. 2001లో బహిరంగంగా విడుదలైంది. 2005లో దీనిపై ఒక సంస్థ ఏర్పడింది. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్. ఆదాయం సాంకేతిక సహాయం, శిక్షణల ద్వారా వస్తుంది. అమరికలు వెబ్ పుటలోనే చేసుకోవచ్చు. చాలా రకాల యంత్రాలకు తయారుగా ఉన్న మూసలు దొరుకుతాయి. మధ్యతరహా సంస్థలో కంప్యూటర్ వ్యవహారాలు చూసే ఒకే ఒక్క ఉద్యోగి నాగియోస్ కంటే దీనితో త్వరగా కుదురుకుంటాడు.

మౌనం విషయంలో జాబిక్స్‌కు స్పష్టమైన ఉపకరణమే ఉంది. ‘ఇంత సేపటి నుంచి ఏ విలువా రాలేదు’ అన్నదాన్నే ఒక షరతుగా రాయడానికి ‘నోడేటా’ అనే ప్రమేయం ఉంది. కాని ఇందులో ఒక మెలిక ఉంది. ఏదైనా కొలతను తీయడం సాధ్యం కాకపోతే జాబిక్స్ ఆ కొలతను ‘మద్దతు లేనిది’గా గుర్తిస్తుంది. దాని మీద ఆధారపడిన సాధారణ షరతు ‘తెలియదు’ స్థితికి వెళుతుంది. ఆ స్థితిలో సమస్య ప్రకటన వెలువడదు. ఇలాంటి అంతర్గత సంఘటనలకు విడిగా హెచ్చరికలు ఏర్పాటు చేసుకోవాలి. ఆ పుట వరకు వెళ్లనివారికి తెర మీద ఎర్రరంగు కనిపించదు, దాంతో క్షేమమనే భ్రమ కలుగుతుంది. నాగియోస్‌లో ‘తెలియదు’ ఒక ఫలితం, జాబిక్స్‌లో అది ఒక విరామం. ఈ తేడాను ధరల పట్టికలు పట్టించుకోవు.

4.3 ప్రొమీథియస్: సౌండ్‌క్లౌడ్ అనే సంగీత సంస్థలో 2012లో పుట్టింది. గూగుల్ అంతర్గతంగా వాడిన బోర్గ్‌మాన్ దీనికి ప్రేరణ. 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో కుబెర్నెటీస్ తరవాత రెండవ ప్రాజెక్టుగా చేరింది. రోజూ పదుల సంఖ్యలో తాత్కాలిక సర్వర్లు పుట్టి పోయే వ్యవస్థలకు ఇది బాగా సరిపోతుంది. ఇది కూడా తానే అడిగే రకం. అడిగిన ప్రతిసారీ ‘అప్’ అనే కొలతను నమోదు చేస్తుంది. జవాబు వస్తే 1, రాకపోతే 0. మౌనం దానంతట అదే అంకెగా మారడం ఇందులోని సొగసు.

అయితే అడగవలసిన యంత్రాల జాబితా నుంచే ఒక యంత్రం జారిపోతే? అప్పుడు 1 ఉండదు, 0 కూడా ఉండదు. ‘అప్ విలువ 0 అయితే హెచ్చరించు’ అన్న నియమానికి పోల్చడానికి ఏమీ దొరకక అది ఊరుకుంటుంది. లేమిని కనిపెట్టడానికి ‘యాబ్సెంట్’ అనే ప్రమేయంతో మరో నియమం రాయాలి. హాజరుపట్టీలో పేరున్న విద్యార్థి రాకపోతే గైర్హాజరు పడుతుంది. పట్టీ నుంచి పేరే పోతే గైర్హాజరు కూడా పడదు.

కొద్దిసేపు నడిచే బ్యాకప్ వంటి పనుల కోసం దీనికి పుష్‌గేట్‌వే అనే అనుబంధం ఉంది. పని ముగిసినప్పుడు ఫలితాన్ని అక్కడ వదిలి వెళుతుంది. అక్కడ వదిలిన విలువ మనం తొలగించేదాకా అలాగే ఉండిపోతుంది. రెండు నెలల క్రితం నాటి ‘విజయం’ ఈ ఉదయం కూడా విజయంగానే కనిపిస్తుంది. కనుక ‘విజయం’ అన్న మాటను కాక విజయం సాధించిన వేళను అక్కడ ఉంచి, ఆ వేళ నుంచి 26 గంటలు దాటిందా అని అడగాలి. రోజువారీ పనికి 24 గంటల మీద రెండు గంటలు అదనంగా ఇవ్వడం నా సూచన మాత్రమే. సాధారణ అమరికలో ప్రొమీథియస్ 15 రోజుల కొలతలనే ఉంచుకుంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. రేఖాచిత్రాల కోసం చాలామంది గ్రఫానాను దీనికి జోడిస్తారు.

4.4 పి.ఆర్.టి.జి.: జర్మనీకి చెందిన పేస్లర్ సంస్థ ఉత్పత్తి. దీని ప్రధాన సర్వర్ విండోస్ మీద నడుస్తుంది. ప్రతి కొలతను ‘సెన్సర్’ అంటారు. 100 సెన్సర్ల వరకు ఉచితం. ఒక్కో పరికరానికి సుమారు పది సెన్సర్లు పడతాయి కాబట్టి పది పరికరాలున్న కార్యాలయానికి ఇది సరిపోవచ్చు. స్థాపించుకోవడం తేలిక, తెర స్పష్టంగా ఉంటుంది, ‘తెలియదు’కు బూడిదరంగు కేటాయించారు. ఇబ్బంది లెక్క దగ్గర వస్తుంది. 100 దాటబోతున్నప్పుడు ఏదో ఒక సెన్సర్ తీసేయాలి. అప్పుడు ఎవరూ అడగని పని మీదికే మొదట చేయి వెళుతుందని నా అనుమానం.

4.5 డేటాడాగ్: 2010లో న్యూయార్క్‌లో మొదలైన సంస్థ. మన యంత్రాల్లో ఒక ఏజెంట్‌ను ఉంచితే అది సమాచారాన్ని వారి క్లౌడ్‌కు పంపుతూ ఉంటుంది. మనం సర్వర్ నిర్వహించనక్కరలేదు. చెల్లింపు ప్రధానంగా యంత్రాల సంఖ్యను బట్టి, వాడుకున్న సేవలను బట్టి ఉంటుంది. ‘సమాచారం లేదు’ అన్నది ఇందులో ఒక ప్రత్యేక స్థితి. ఆ స్థితిలో హెచ్చరించాలా వద్దా అన్నది ప్రతి నియమంలోనూ ఎంచుకోవాలి. ఎంపికను మనకే వదలడం సబబైనదే. తొందరలో ఉన్నవారు ఆ గడిని చూడకుండా దాటిపోతారు, అంతే.

5. పారావాడికి పారా:

2023 మార్చి 8న డేటాడాగ్ సేవలు అనేక ప్రాంతాలలో ఒకేసారి స్తంభించాయి. వారి సర్వర్లలోని ఒక వ్యవస్థాభాగానికి భద్రతా నవీకరణ తనంతట తాను జరిగింది. ఫలితంగా పెద్ద సంఖ్యలో యంత్రాలు నెట్‌వర్కు నుంచి విడిపోయాయి. పూర్తిగా కోలుకోవడానికి మర్నాటి వరకు పట్టింది. ఆ సమయంలో ఖాతాదారుల యంత్రాలు బాగానే ఉన్నా, వాటి స్థితి మాత్రం వారికి కనిపించలేదు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా దానిని గమనించే మరొకటి వేరే చోట, వేరే కరెంటు మీద, వేరే ఇంటర్నెట్ దారిలో ఉండాలనడానికి ఇది చాలిన ఉదాహరణ. ఇది ఖరీదైన ఏర్పాటేమీ కాదు. హెల్త్‌చెక్స్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు పారా హుషార్ సూత్రం మీదే పనిచేస్తాయి. గడువులోగా కేక వినపడకపోతే అవే మనిషిని లేపుతాయి.

రెండో ప్రమాదం మరింత తీవ్రమైనది. పర్యవేక్షణ సర్వర్‌కు అన్ని గదుల తాళాలూ తెలుసు. సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ నవీకరణల్లోకి చొరబాటుదారులు హానికర ప్రోగ్రామును చొప్పించారు. 2020లో సుమారు 18,000 మంది ఖాతాదారులకు అది చేరింది. ఆ ఏడాది డిసెంబరులో గాని బయటపడలేదు. కంచే చేను మేసిన సందర్భమిది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌కు చదివే హక్కు చాలిన చోట మార్చే హక్కు ఇవ్వకూడదన్న జాగ్రత్త ఐదింటికీ వర్తిస్తుంది.

6. వ్యయం, మనిషి:

ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదనుకోవడం పొరపాటు. నాగియోస్, జాబిక్స్, ప్రొమీథియస్‌లకు డబ్బుకు బదులు ఉద్యోగి గంటలు చెల్లిస్తాం. పి.ఆర్.టి.జి., డేటాడాగ్‌లకు గంటలకు బదులు డబ్బు చెల్లిస్తాం. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో సంస్థవారి ఆప్‌మేనేజర్ కూడా ఈ రెండో కోవలోనిదే.

అంతకంటె పెద్ద ప్రశ్న, రాత్రి రెండు గంటలకు హెచ్చరిక వస్తే ఎవరు లేస్తారన్నది. అల్పమైన ప్రతి కదలికకూ హెచ్చరిక పెట్టిన సంస్థలో ‘నాన్నా పులి’ కథ నెల తిరగకముందే పునరావృతమవుతుంది. ఒకసారి విఫలమైన వెంటనే కేక వేయకుండా, నిర్ణీత సంఖ్యలో మళ్లీ పరీక్షించి నిర్ధారించుకున్నాకే మనిషిని లేపే పద్ధతి నాగియోస్‌లో మొదటి నుంచీ ఉంది. ప్రొమీథియస్‌లో షరతు ఎంతసేపు కొనసాగితే హెచ్చరించాలో నియమంలోనే రాస్తారు. ఒకే మూలకారణం వల్ల పుట్టిన వంద హెచ్చరికలను గుంపు కట్టి ఒకటిగా పంపే పని దాని అనుబంధమైన అలర్ట్‌మేనేజర్‌ది. మౌనాన్ని కనిపెట్టాలని చెప్పి అంతటా మోతను నింపితే అసలు కేక అందులో కలిసిపోతుంది.

మన దేశంలోని సంస్థలకు చట్టపరమైన అంశం కూడా ఒకటుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశించిన భద్రతా సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఇక్కడ పోల్చిన సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా దాచేది కొలతలను. కొలతలు వేరు, లాగ్‌లు వేరు. ఒకటి ఉంది కదా అని రెండోదానిని వదిలిన సంస్థకు ఆ 6 గంటల్లో చెప్పడానికి ఏమీ ఉండదు.

7. ఎంపికకు ముందు ఒక పరీక్ష:

విక్రేత చూపే ప్రదర్శనలో అన్నీ పనిచేస్తూనే కనిపిస్తాయి. కనుక ఎంచుకోబోయే సాఫ్ట్‌వేర్‌ను ఒక పాత కంప్యూటర్ మీద వారం రోజులు నడిపి, కావాలని చెడగొట్టి చూడాలి. పెద్ద చెత్త ఫైలుతో డిస్కును నింపాలి. నెట్‌వర్కు తీగ లాగేయాలి. రాత్రి బ్యాకప్‌ను ఎవరికీ చెప్పకుండా ఆపేయాలి. జాబితాలోంచి ఒక యంత్రం పేరు కొట్టేయాలి. చివరగా పర్యవేక్షణ సర్వర్‌నే ఆపేయాలి. ప్రతిసారీ బాధ్యుడి ఫోన్ మోగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, అసలు మోగిందో లేదో రాసుకోవాలి. మొదటి రెండు పరీక్షల్లో ఐదు సాఫ్ట్‌వేర్లూ కొద్దిపాటి అమరికతో నెగ్గుతాయి. తరవాతి మూడింటిలో ఏదీ మన ప్రత్యేక ఏర్పాటు లేకుండా నెగ్గదు. ఆ ఏర్పాటును తన ఉద్యోగి ఎందులో స్వయంగా చేసి, ఆరు నెలల తరవాత మళ్లీ చదివి అర్థం చేసుకోగలడో ఆ సంస్థకు అదే తగినది. ఒక్కడే ఉద్యోగి ఉన్న చోట నేనైతే జాబిక్స్‌తో పాటు బయట ఒక హెల్త్‌చెక్స్‌ను పెట్టుకోమంటాను. ప్రోగ్రాములు రాసే బృందం ఉంటే ప్రొమీథియస్. పది పరికరాలకు మించని కార్యాలయానికి పి.ఆర్.టి.జి., బ్యాకప్ సెన్సర్‌ను తీసేయకూడదన్న షరతు మీద.

ఆ ప్రచురణ సంస్థ వీటిలో దేనినీ కొనలేదు. విఫలమైతే ఉత్తరం పంపే పాత పద్ధతిని మాత్రం తిరగరాశారు. ఇప్పుడు రోజూ ఉదయం తొమ్మిదికి ఒక సందేశం వస్తుంది. అందులో నిన్నటి నకలు ఎంత పరిమాణంలో ఉంది, దానిలోంచి తీసి తెరిచి చూసిన ఒక ఫైలు పేరేమిటి అన్నవి ఉంటాయి. అది పదకోశపు సంపాదకుల ఫోన్‌కే వెళుతుంది. ఆయనకు సర్వర్ల గురించి ఏమీ తెలియదు. సందేశం రాని రోజు తొమ్మిదింబావుకు ఆయనే ఆఫీసుకు ఫోన్ చేస్తారు.